తెల్లచారులో పెరుగు

మా అవ్వ చేసే తెల్లచారులో ఎవరో పెరుగు పోశారు. అదీ అచ్చులో. నలభై ఒకటో పేజీలో, ఆమె పేరు కిందనే, "రెండు గిన్నెల పుల్లటి పెరుగు" అని, ఎవరికీ అనుమానం రాకుండా నల్లటి సిరాతో వేశారు. మా అవ్వ తన జన్మలో ఆ చారులో పెరుగు చుక్క వెయ్యలేదు. దీన్ని నేను పొరపాటు అనను, తప్పు అంటాను. పొరపాటు చేసినవాళ్లు చూపిస్తే దిద్దుకుంటారు. ఈ వంటల పుస్తకం వేసిన సంఘం వాళ్లకు నేను రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి ఒక కుర్ర కార్యదర్శి ఫోన్ చేసి, "చారే కదా తాతగారూ, పెరుగు వేస్తే ఇంకా రుచి" అన్నాడు. ఇంకా రుచి అట! వాడు పుట్టకముందే పోయిన మనిషి చారుకు వాడు రుచి చెప్తున్నాడు.

మా వైపు కన్నతల్లిని అవ్వ అనే పిలుస్తాం. మా అవ్వ పేరు నర్సమ్మ. పాలమూరు జిల్లా నుంచి ముంబైకి తట్టలు మోయడానికి వచ్చి కామాటిపుర ఒంటిగదుల చాల్‌లలో నిలబడిపోయిన కుటుంబాల్లో మాదొకటి. నేను బడి మెట్లెక్కింది తక్కువ. గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర ఒక చిన్న తెలుగు ప్రెస్సులో ఊడ్చే పనికి కుదిరి, సీసపు అక్షరాలను తలకిందులుగా, కుడిఎడమలు తారుమారుగా చూసుకుంటూ చదువు నేర్చుకున్నవాణ్ణి. తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా ఆ అక్షరాలనే ఒక్కొక్కటి ఏరి పేర్చాను. పెళ్లిపత్రికలో ముహూర్తం అంకె ఒక్కటి తప్పు పడితే కట్టలన్నీ పక్కన పడేసి మళ్లీ వేయించిన యజమాని దగ్గర పనిచేశాను. అందుకని అచ్చులో పడ్డ మాట బరువు నాకు తెలుసు. నోటితో అన్న అబద్ధాన్ని విన్నవాళ్లు రేపటికి మరచిపోతారు. అచ్చులో పడ్డదాన్ని మునిమనవలు తీసి చదివి, అదే నిజమని వండుకుంటారు.

సంగతేమిటంటే, దాదర్‌లోని ఒక తెలుగు సంఘం వాళ్లు మన పాతతరం ఆడవాళ్ల వంటలన్నీ ఒక పుస్తకంగా వేస్తామని, ఎవరి ఇంటి వంట వాళ్లు రాసి పంపమని కబురు పెట్టారు. నేను నాలుగు కాగితాలు రాసి పంపాను. పల్లీలు ఎంతసేపు నానాలో, గుడ్డ ఎంత పల్చగా ఉండాలో అన్నీ రాశాను. ఆ నాలుగు కాగితాలు పుస్తకంలో ఆరు వరుసలయ్యాయి. పోనీ, చోటు లేదనుకుంటాను. కానీ ఆ ఆరు వరుసల్లో పల్లీలే లేవు.

పుస్తకం తెచ్చింది స్వప్న. మా చెల్లెలు బాలమణికి మనవరాలు. పక్క గల్లీలో నానమ్మతోనే ఉంటుంది. ఇంట్లోనే కేకులు, బిస్కెట్లు చేసి అమ్ముతుంది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు, చదువంతా మరాఠీలో అయింది. నా గడపలోకి వస్తూనే పుస్తకం ఒళ్లో పడేసింది.

"తాతా, బుక్ వచ్చేసింది. ముత్తవ్వ పేరు పడ్డదంట. జల్దీ సదివి చెప్పు."

కళ్లద్దాలు తుడుచుకుని మొదలుపెట్టాను. మూడో వరుస మీద వేలు పెట్టి, పుస్తకం కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాను.

"ఏమైంది? గట్ల సూస్తున్నవేంది?"

"పెరుగంట. రెండు గిన్నెలు."

"ఎవల చారుల?"

"మా అవ్వ చారుల."

స్వప్న ముందు నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది. ఎందుకంటే ఆ పిల్లకు పాలు పడవు. పాలు, పెరుగు, నెయ్యి, వెన్న, ఏది తగిలినా ఒళ్లంతా దద్దుర్లు లేచి గొంతు బిగుసుకుంటుంది. డాక్టరు పరీక్షలు చేసి కాగితం మీద రాసిచ్చాడు. అందుకే ఆమె చేసే కేకుల్లో పాలుండవు. పల్లీపాలలో నిమ్మరసం పిండి విరగనిచ్చి మజ్జిగ బదులు పోస్తుంది. వెన్న బదులు నూనె, మీగడ బదులు చిక్కటి కొబ్బరిపాలు. తిన్నవాళ్లకు తేడా తెలియదు. తెలిసినవాళ్లే వెక్కిరిస్తారు. సంఘం ఆడవాళ్ల సమావేశానికి ఒకసారి కేకు తీసుకెళ్తే ఒకావిడ, "పాలు లేని కేకేందమ్మా, గిదంత పైసలున్నోళ్ల ఫ్యాషన్. మనకెక్కడి నుంచి వచ్చె?" అన్నదట. స్వప్న డబ్బా మూసుకుని వచ్చింది. వచ్చే నెల సంఘం మేళా ఉంది. అందులో ఒక బల్ల తీసుకుంది. ఆ బల్ల మీద ముత్తవ్వ పేజీని పెద్దదిగా చేయించి నిలబెడదామని ఈ పుస్తకం కోసం రోజులు లెక్కపెట్టుకుంటోంది. 'ఫ్యాషన్ కాదు, మా ఇంట్ల నాలుగు తరాల సంది గిట్లనే చేస్తున్నం' అని చూపించడానికి. ఇప్పుడు ఆ పేజీలో రెండు గిన్నెల పెరుగు ఉంది.

"ఛోడో తాతా. నా నసీబే గంత," అంది స్వప్న.

"ఎందుకు వదిలెయ్యాలె? నేనింకా బతికే ఉన్న," అన్నాను.

మాది పన్నెండో నంబరు గది. పది అడుగులకు పది అడుగులు, ఆరుగురం మనుషులం. తెల్లారేసరికి అవ్వ నల్లా దగ్గర వరుసలో బిందె పెట్టి వచ్చి, ముందురోజు సాయంత్రం నానేసిన పల్లీలను రెండు చేతులతో రుద్దేది. పొట్టు పైకి తేలేది. దాన్ని ఊదుతూ వంచేది. తర్వాత గది మూలనున్న చిన్న రోట్లో రుబ్బేది. నాకు ఇప్పటికీ నిద్రలోంచి మెలకువ వస్తూ వస్తూ ఆ రోటి చప్పుడు వినిపిస్తుంది. నాయిన పాత ధోవతి ముక్కలో ఆ ముద్దను వేసి పిండితే చిక్కటి తెల్లటి పాలు దిగేవి. పొయ్యి మీద పెట్టి, అడుగంటకుండా కలుపుతూనే ఉండేది. మొదట పచ్చిపల్లీ వాసన వస్తుంది, కొంచెం మొరటుగా. ఆ వాసన పోయి తియ్యటి వాసన మొదలయ్యే ఘడియ ఒకటి ఉంటుంది. ఆ ఘడియ దాకా చెయ్యి ఆపకూడదు. గోరువెచ్చగా అయ్యాక నాలుగు పచ్చిమిరపకాయల తొడిమలు తుంచి అందులో వేసి, మూత పెట్టి, బట్టల మూటల మధ్యన దాచేది. మరునాటికి పులిసి తోడుకునేది. దాన్ని చిలికి నీళ్లు కలిపి, ఉప్పు, ఉల్లిగడ్డ ముక్కలు వేసి, ఎల్లిపాయ, జీలకర్ర, ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు పోపు పెట్టేది. పసుపు వెయ్యదు. పులిసిన తర్వాత పొయ్యి మీద మరిగించకూడదు, విరిగిపోతుంది. పోపు వేడే దానికి చాలు. అదీ తెల్లచారు. జొన్నరవ్వ ఉడికించిన గట్కలో పోసుకుని గిన్నె ఎత్తి తాగేవాళ్లం. చోటు చాలక వాళ్లు వెయ్యనిదంతా ఇక్కడ రాశాను, ఎవరైనా ఆపుతారేమో చూస్తాను.

పాలు కొనలేక ఇలా చేసిందని కొందరు అనుకుంటారు. కాదు. నాయిన చెయ్యి తిరిగిన ఇటుకపని మేస్త్రీ. వీధి చివరి గేదెల తబేలా నుంచి పాల భయ్యా రోజూ క్యాన్ మోసుకొచ్చేవాడు, మాకూ పోసేవాడు. బాలమణి చంటిపిల్లగా తల్లిపాలు మాని గేదెపాలు మొదలుపెట్టినప్పటి నుంచి దాని ఒళ్లు దద్దుర్లతో నిండిపోయింది. ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేది. దిష్టి అన్నారు, గాలి సోకింది అన్నారు. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచారు, మెడలో తాయెత్తు కట్టారు. ఒక వానాకాలం గల్లీలన్నీ మోకాళ్ల లోతు మునిగి, నాలుగు రోజులు భయ్యా రాలేదు. ఆ నాలుగు రోజులూ పిల్లకు గంజి పట్టింది అవ్వ. నాలుగో రోజుకు పిల్ల ఒళ్లు పళ్లెంలా నున్నగా అయింది, నవ్వింది. అయిదో రోజు భయ్యా వచ్చాడు, పాలు పట్టారు, సాయంత్రానికి మళ్లీ దద్దుర్లు. అక్షరమ్ముక్క రాని మా అవ్వ మూడుసార్లు ఇలా ఆపి చూసింది, పట్టి చూసింది. తర్వాత ఎవరినీ అడగలేదు. ఇంట్లో పాలు బంద్ అంది.

"దానికి బంద్ పెట్టు, మాకేందే?" అన్నాడు నాయిన.

"నలుగురు తాగంగ అది మొకాలు సూసుకుంట కూసోవాల్నా? ఒక్క పొయ్యి, ఒక్క గిన్నె. దానికి లేనిది మనకు లేదు."

"చాయ్ గూడనా?"

"చాయ్ గూడ."

ఆ రోజు నుంచి నాయిన కూలీలు పనికోసం నిలబడే నాకా కూడలిలో సగం గ్లాసు కటింగ్ చాయ్ తాగి, మీసాలు తుడుచుకుని ఇంటికి వచ్చేవాడు. అవ్వకు వాసన తెలిసేది. "మీసానికి సున్నమంటింది," అనేది, అంతే.

అయితే అవ్వ ఇదంతా బయటికి పొక్కనివ్వలేదు. ఆడపిల్ల, పాలు పడవంటే ఏదో రోగమంటారు. రోగమంటే రేపు ఎవరు చేసుకుంటారు? ఆ రోజుల్లో చాల్‌లో ఏదైనా దాచడమంటే మాటలు కాదు. గదికీ గదికీ మధ్య చెక్క గోడ. పైగా తోడు ఉంది. పాలు తోడేయడానికి పక్కింట్లో చెంచాడు పెరుగు అడగడం ప్రతి సాయంత్రం జరిగేదే. తోడు లేదన్న ఇల్లు వరండా అంతటికీ వార్త. అందుకని అవ్వ ఒక చిన్న మట్టి ముంతలో పెరుగు పెట్టి, బాలమణి చెయ్యి అందకుండా దేవుడి గూటి పైన ఉంచేది. ఆ పెరుగు మేమెవ్వరం తినలేదు. అది కేవలం ఊరికి తోడు ఇవ్వడానికి. పాతబడితే అవ్వే ఎవరూ చూడకుండా మోరీలో కడిగేసి కొత్తది తోడేసేది. తినని పెరుగును ఏళ్ల తరబడి పెట్టిన ఇల్లు కామాటిపురలో మాదొక్కటే అయి ఉంటుంది.

రోజూ తోడుకు వచ్చేది పదమూడో నంబరు మల్లమ్మ.

"నర్సక్కా, జర తోడియ్యి. మా పిల్లి మల్లా నాకిపోయింది."

"మీ పిల్లి దినాం నాకుతది గదనే మల్లమ్మా, ఇంకా సన్నగనే ఉందా?"

"ఏడ కనవడ్డది నీకు?"

"నాకేడ కనవడ్డది? అందుకే అడుగుతున్న."

ఆ పిల్లిని వరండాలో ఎవ్వరం ఎన్నడూ చూడలేదు. మల్లమ్మ తోడు తీసుకుని, పక్కనున్న తెల్లచారు గిన్నె వైపు చూసి, "ఎంత మంచి పెరుగు దొరుకుతదో నీకు, నేను చేస్తె గీ వాసనే రాదు," అనేది. అవ్వ మొహంలో ఏమీ కనిపించేది కాదు. మల్లమ్మ కొడుకు శంకర్ నా ఈడువాడు. వాళ్లింట్లో కన్నా మా ఇంట్లోనే ఎక్కువ తిన్నాడు. తెల్లచారు ఉన్నరోజు మేం గోడ మీద మూడుసార్లు కొడితే, వాడూ అవతల నుంచి మూడుసార్లు కొట్టి, గిన్నె పట్టుకుని హాజరు. వాడికి పెళ్లయి, కోడలొచ్చిన రెండేళ్లకే వాళ్లు గది ఇచ్చేసి ఎటో వెళ్లిపోయారు. తర్వాత ఎవరి దారి వాళ్లది.

దాచిన రహస్యం ఒక్కసారి దాదాపు ప్రాణం మీదికి వచ్చింది. దీపావళికి మా వాళ్లందరూ నాన్‌ఖటాయి బిస్కెట్ల పిండి ఇంట్లోనే కలుపుకుని, ఫోరస్ రోడ్ మలుపులోని రొట్టెల భట్టీకి మోసుకెళ్లి కాల్పించుకునేవాళ్లు. ఎవరి ట్రే వాళ్లది. మిగతావాళ్లు నెయ్యి పోస్తే అవ్వ వనస్పతి, దోరగా వేయించి దంచిన పల్లీపొడి కలిపేది. భట్టీ నడిపే చాచా మంచివాడు. ఆ ఏడు మా పిండి చూసి, పాపం బీదవాళ్లు, బిడ్డకు నెయ్యి వాసనైనా తగలనీ అని, తన డబ్బాలోంచి అసలైన నెయ్యి తీసి మా ట్రే అంతటికీ పైన పూశాడు. బాలమణి రెండు తిన్నది. గంటలో పెదవులు ఉబ్బి, కళ్లు మూసుకుపోయి, ఊపిరి ఈల వేసినట్టు వచ్చింది. నాయిన దాన్ని భుజాన వేసుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తాడు. నేను వెనకే చెప్పులు లేకుండా పరిగెత్తాను. బతికింది.

మరునాడు అవ్వ భట్టీకి వెళ్లింది. నేను గొడవ జరుగుతుందని పిడికిళ్లు బిగించి వెంట వెళ్లాను. అవ్వ అరవలేదు. తనకొచ్చిన హిందీలో, "చాచా, తుమ్ అచ్ఛా దిల్ సే దియా. మేరీ బచ్చీ కో దూధ్ జహర్ హై. కిసీకో మత్ బోలో," అంది. మంచి మనసుతోనే ఇచ్చావు, నా బిడ్డకు పాలు విషం, ఎవరికీ చెప్పకు అని. చాచా చేతిలోని పొడుగాటి గరిటె కింద పడిపోయింది. "ముఝే క్యా మాలూమ్, బేటీ," నాకేం తెలుసమ్మా అంటూ పిండి చేతులతోనే కళ్లు తుడుచుకున్నాడు. ఒక మేకు తీసుకుని మా ట్రే అంచున పొడుగ్గా గీత గీశాడు. ఆ గీత ఉన్న ట్రేకు ఎవరూ, తనతో సహా, ఏమీ పూయకూడదు. బయటివాళ్లలో ఆ సంగతి తెలిసినవాడు ఆయనొక్కడే, పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. భట్టీ మూసేసినప్పుడు ఆ ట్రే నాకిచ్చారు. ఇప్పుడు అది స్వప్న దగ్గరుంది. ఇప్పుడు కాల్చేది ఇంట్లోని కరెంటు ఓవెన్లోనే గానీ, ట్రే మాత్రం అదే, గీత అలాగే ఉంది.

అచ్చులో పెరుగు చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ నెయ్యే. జాలిపడి పైన పూసే చెయ్యి. బీదవాళ్లు, పాపం, వేసుకోలేకపోయి ఉంటారు, మనం వేద్దాం అనే చెయ్యి. నా కోపం అంతా అక్కడుంది.

ఇంకో సంగతి కూడా రాయాలి, నేను మాత్రం నిజాల మూటనని ఎవరూ అనుకోకూడదు కనుక. బాలమణి పెళ్లి ఐదో గల్లీ కుర్రాడితో కుదిరింది. పెళ్లయి అత్తగారింట అడుగు పెట్టగానే పాలూ పండ్లూ ఇస్తారు, ఇద్దరూ ఒకే గ్లాసులో సగం సగం తాగాలి. అవ్వకు వారం రోజులు తిండి లేదు. చివరికి పల్లీపాలలో బెల్లం, యాలకులు వేసి, మూతున్న ఒక స్టీలు టిఫిన్‌లో పోసి నా చేతికిచ్చింది. "నువ్వు దాని అన్నవు. నువ్వే చూసుకోవాలె," అంది. అత్తగారింట ఆడపడుచు పాలగ్లాసు పట్టుకుని ఎదురుగా వచ్చింది. ఏం మాట్లాడుతున్నానో తెలియకుండానే, "ఆగమ్మా! మా వాళ్లల్ల పుట్టింటి పాలే తాగాలె. మా ఆచారం," అన్నాను.

"గదేం ఆచారం? మేమెన్నడు ఇనలే," అంది బాలమణి అత్తగారు.

"పెద్దల నాటిది. తప్పితే మంచిది కాదు," అన్నాను, ఇంత గంభీరంగా మొహం పెట్టి.

ఆచారమన్నాక ఎవరు కాదంటారు? టిఫిన్ విప్పి గ్లాసులో పోశారు. బాలమణి సగం తాగింది, బావ సగం తాగాడు. మరునాడు బావ నన్ను పక్కకు పిలిచి, "బామ్మర్దీ, మీ బర్రె ఏం మేస్తది? గంత రుచి ఉన్నయ్ పాలు," అన్నాడు. నెల తిరిగేసరికి బాలమణే అతనికి అంతా చెప్పింది. మంచివాడు, తన తల్లికి కూడా చెప్పకుండా, తనూ పాలు మానేశాడు. విడ్డూరమేమిటంటే, నేను ఆ నిమిషాన పుట్టించిన ఆచారం ఆ ఇంట్లో నిలబడిపోయింది. ఇప్పటికీ వాళ్లింట కోడలు వస్తే పుట్టింటి నుంచి టిఫిన్‌లో పాలు రావాల్సిందే. రాకపోతే ముసలమ్మలు అలుగుతారు.

ఈ మధ్య స్వప్న నన్ను పెద్ద దుకాణానికి తీసుకెళ్లింది. బాదం పాలు, ఓట్స్ పాలు, సోయా పాలు, కొబ్బరి పెరుగు, నెయ్యి లేని నెయ్యి, అన్నీ అద్దాల బీరువాల్లో చల్లగా నిలబడి ఉన్నాయి. ప్రతి డబ్బా మీదా కొత్తది, కొత్తది అని రాసి ఉంది. నాకు ఒళ్లు మండింది. మా అవ్వ ధోవతి ముక్కలో పిండినదానికి వీళ్లు గాజు సీసా తొడిగారు. కానీ దుకాణం మధ్యలో నిలబడి ఇంకోటి కూడా చూశాను. ఒక తల్లి ఆ డబ్బాలను తిప్పి తిప్పి వెనక రాసింది చదువుతోంది, పక్కన చిన్నపిల్ల, "ఇది నాకు పడుతుందా మమ్మీ?" అని అందరికీ వినిపించేలా అడుగుతోంది. ఎవ్వరూ తిరిగి చూడలేదు. మా అవ్వ ఇరవై ఏళ్లు గుసగుసగా దాచిన మాట అది. ఆ పిల్ల గొంతులో సిగ్గు లేదు. కోపం సగం అక్కడే దిగిపోయింది. మిగతా సగం నలభై ఒకటో పేజీ కోసం ఉంచుకున్నాను.

ఇంటికొచ్చి నా రెండు ఉత్తరాల నకళ్లు తీసి చూసుకున్నాను. నిండా అరుపులే. 'మమ్మల్ని అడగకుండా', 'మీకేం హక్కు', 'వెంటనే దిద్దాలి'. పెరుగు లేదని చెప్పాను గానీ ఎందుకు లేదో ఒక్క ముక్క రాయలేదు. ఎలా రాస్తాను? అవ్వ దాచింది కదా. అప్పుడు కర్ర తీసుకుని పక్క గల్లీకి బయలుదేరాను. బాలమణి కిటికీ దగ్గర కూర్చుని, స్వప్న కోసం పల్లీల పొట్టు ఊదుతోంది, అచ్చం అవ్వలాగే.

"బాలా, ఒక మాట. అవ్వ దాచింది నేను బయట పెట్టనా?"

"ఏం దాచింది?"

"నీకు పాలు పడయన్నది. కాయితం మీద రాస్త. నలుగురు సదువుతరు."

ఉన్న నాలుగు పళ్లూ కనిపించేలా నవ్వింది. "డెబ్బై ఏండ్లొచ్చినయన్నా! ఇగ నన్నెవడు వద్దంటడు? రాయి. పెద్ద పెద్ద అచ్చరాలల్ల రాయి." తర్వాత చేట పక్కన పెట్టింది. "అప్పుడు నాకోసం దాచింది. ఇప్పుడు దీని కోసం చెప్పాలె గద," అని లోపల ఓవెన్ దగ్గరున్న స్వప్న వైపు గడ్డం ఊపింది.

మూడో ఉత్తరం సంఘానికి కాకుండా, పుస్తకం మొదటి పేజీలో 'సేకరించి సరిదిద్దినది' అని ఉన్న సులోచన అనే ఆవిడ పేరిట రాశాను. ఎవరో దాదర్‌లో పుట్టి పెరిగిన, కామాటిపుర మొహం చూడని పెద్దింటావిడ అనుకున్నాను. వానాకాలం, నాలుగు రోజులు, ముంత, భట్టీ, టిఫిన్ పాలు, స్వప్న కేకును ఫ్యాషన్ అన్న మాట, మేళాలో ఆమె బల్ల, అన్నీ రాశాను. చివర, కోపం ఆపుకోలేక, "మీరు సరిదిద్దే ముందు ఒక్కమాట అడిగి ఉండాల్సింది. అడగడానికి ఇష్టం లేకపోతే కనీసం ఒకసారి వండి చూడండి" అని పెట్టాను. తొడిమల సంగతి కింద గీత గీసి మళ్లీ రాశాను.

మేళా ఇంకా మూడు రోజులుందనగా జవాబు వచ్చింది. మాట్లాడినట్టే రాసింది ఆవిడ. స్వప్నకూ బాలమణికీ పైకి చదివి వినిపించాను. అది ఇక్కడ ఉన్నదున్నట్టు, ఒక్క అక్షరం సరిదిద్దకుండా, పెడుతున్నాను.

"అన్నకు నమస్తె. నేను దాదర్ పెద్దింటిదాన్ని కాదు. మీ పక్కగది మల్లమ్మ కోడల్ని. చాల్‌ల అందరు నన్ను మల్లమ్మ కోడలా అనే పిలిచిండ్రు, నా పేరు మీకెట్ల తెలుస్తది? అడగలేదని రాసిండ్రు. అడిగిన అన్నా. యాభై ఏండ్ల కింద నల్లా కాడ మీ అవ్వనే అడిగిన. 'అత్తా, తెల్లచారుల ఏమేస్తవ్?' అంటె, బిందె నెత్తికి ఎత్తుకుంట, నా కండ్లల్లకు సక్కగ చూసి 'రెండు గిన్నెల పుల్లటి పెరుగు బిడ్డా' అన్నది. అందుకే మీ కాయితంల పల్లీపాలు అని చూసి, పెద్దోళ్లయిండ్రు, మర్చిపోయిండ్రనుకొని నేనే దిద్దిన. తప్పు నాదే. గని సగం మీ అవ్వది. మీ మొదటి రెండు ఉత్తరాలు నాదాక రాలేదు, మూడోది వచ్చింది. మా ఆయన శంకర్‌కు మంచం మీద నుంచి లేచుడు కష్టమైంది, నోటికి ఏదీ రుచి తెలుస్తలేదు. పెండ్లయిన కాడి నుంచి నేను చేసిన తెల్లచారు తాగి 'మంచిగుంది గని నర్సత్త చారు కాదు' అంటనే ఉన్నడు. నాకు చెయ్యి కుదరదనుకున్న, ఎన్ని రకాల పెరుగులు మార్చిన్నో లెక్క లేదు. మొన్న మీరు రాసినట్టే పల్లీలు నానబెట్టి, తొడిమలేసి చేసిన. ఆయనకు చెప్పలే. ఒక్క గుటక తాగి, గిన్నె దించి, తలుపు దిక్కు చూసి, 'నర్సత్త ఎప్పుడొచ్చింది?' అన్నడు. తర్వాత గోడ మీద మూడుసార్లు కొట్టిండు. నాకు ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, మీ అవ్వ మీద కోపం గూడ వచ్చింది. మేళా నాడు మీ స్వప్న బల్ల పక్కన నేనే నిలబడుత, ఫ్యాషన్ అన్నోళ్లకు నేనే జవాబు చెప్త. దిద్దిన కాయితాలు అచ్చయినయి, ప్రతి పుస్తకంల నా చేతుల్తోని అతికిస్తున్న. పల్లీపాలు అనే ఉంటది. దాని కింద ఒక్క వరుస నేను చేర్చిన, మల్లా కోపం చెయ్యకుండ్రి. 'నర్సమ్మ మాత్రం, ఎవరడిగినా పెరుగు అనే చెప్పేది.'"